పొరుగింటి మురికి నీళ్లు

నారిన్, మార్చి 24

ప్రియమైన ఏసెన్,

పేరు పెట్టి రాస్తున్నానని మీ అమ్మ మూతి ముడుచుకుంది. ఇరవై ఏడేళ్లయినా ఆవిడకి అలవాటు కాలేదు.

నూరూజ్ పండగ బాగా జరిగింది. గోధుమ మొలకల పాయసం, మన సుమలాక్, ఈసారి అడుగంటలేదు. కానీ గాజుతొట్టిలో నీ చేపలు చచ్చిపోతున్నాయి. నిన్న మూడు గప్పీలు, ఇవాళ నాలుగు. ఏంజెల్ చేపల జంట నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తోంది. నువ్వు గోడకి అంటించి వెళ్లిన కాగితంలో ఉన్నట్టే చేస్తున్నాను. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తోడేసి, బకెట్లో ఒక రోజు నిలవబెట్టిన నీళ్లు పోస్తున్నాను. మగాడు గనికి పోతే అతని చేపల చాకిరీ కూడా ఆడదాని నెత్తినే పడాలన్నది ఏ శాస్త్రమో!

తప్పు కుళాయిది. నీటి సరఫరా ఆఫీసులో నీళ్లు పరీక్షించే గదిలోకి కనిషాయ్ అనే కొత్త పిల్ల వచ్చింది. క్లోరిన్ ఎంత కలపాలో చెప్పేది ఆమే. చేపల్ని చంపిన నీళ్లే బడిపిల్లలూ తాగుతున్నారు. ఆమెను తీసేయమని అర్జీ రాశాను. మన వీధి ఆడవాళ్లు అరవై ఇద్దరు సంతకం పెట్టారు. శుక్రవారం ఇస్తాను.

నీ
బురుల్

గని శిబిరం, మార్చి 27

నా బురుల్‌కి,

ఉత్తరాలు తీసుకెళ్లే లారీ డ్రైవర్ ముకాష్ హారన్ కొడుతున్నాడు. అసలు సంగతే రాస్తాను.

పండగకి ఇల్లు కడిగావు, అది అడగక్కర్లేదు. మన ఇళ్లలో నూరూజ్ ముందు మేకుకి తగిలించిన టోపీ కూడా ఉతికేస్తారు. తొట్టిలో నీళ్లు లాగే గొట్టానికి నల్లటి స్పాంజి ఉంటుంది చూడు, అదీ కడిగావా? దేంతో కడిగావు? ఆ నలుపు మురికి కాదు. చేపల మలం విషం కాకుండా తినేసే సూక్ష్మజీవులు అందులోనే కాపురముంటాయి. తొట్టి నీళ్లలోనే ఒకసారి పిండి పెట్టేయాలి. ఈ ముక్క కాగితంలో రాయలేదు. అది నా తప్పు.

అర్జీ ఆపు. పైవాళ్ల పాపం కిందివాళ్ల మీదికి తోయడం గురించి నువ్వే నాకు పాఠాలు చెప్పావు. దీనివల్ల ఒక మనిషి ఉద్యోగం పోతుంది.

నీవాడు
ఏసెన్

నారిన్, ఏప్రిల్ 1

ప్రియమైన ఏసెన్,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. మంచుపడి కనుమ మూసేశారట. దారి తెరవగానే పంపమని ఈ ఉత్తరం లారీల గ్యారేజీలో ఇస్తున్నాను.

అర్జీ ఇచ్చాను. గెలిచాం. కనిషాయ్‌ని పనిలోంచి ఆపేశారు, వచ్చే సోమవారం విచారణ. ఒక్కసారైనా ఈ ఊళ్లో ఆడవాళ్ల మాట చెల్లింది. అయినా నిన్న ఆడ ఏంజెల్ పోయింది. ఇక తొట్టి మొత్తానికి మగది ఒక్కటే.

నీ
బురుల్

నారిన్, ఏప్రిల్ 10

ప్రియమైన ఏసెన్,

నీ 27 నాటి ఉత్తరం నాకు శనివారం అందింది.

అవును, కడిగాను. బట్టల సబ్బుతో మూడుసార్లు, తెల్లగా వచ్చేదాకా. మీ అమ్మ మెచ్చుకుంది కూడా, పెళ్లయ్యాక మొదటిసారి.

రెండు రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. తప్పు ఒప్పుకోని అధికారుల మీద ఈ చేత్తో పత్రికలకి ఎన్ని వ్యాసాలు రాశానో నీకు తెలుసు. నా వంతు వచ్చేసరికి ఉత్తరం మడిచి దాచుకున్నాను. మీ అమ్మకి చదివి వినిపిస్తే ఆవిడ అంది: "ఎవరికి తెలుసు గనకే? ఊరుకో. ఆ పిల్లకి ఇంకో ఉద్యోగం దొరక్కపోదు." సరిగ్గా ఆ మాటే నా మనసులోనూ ఉంది. అదే నన్ను లేపి నిలబెట్టింది.

సోమవారం విచారణలో అందరి ముందూ చెప్పాను. హాల్లో నవ్వులు. అధికారి కళ్లజోడు తీసి, "అయితే అరవై రెండు సంతకాలూ ఒక స్పాంజి కోసమా, అక్కా?" అన్నాడు.

"నా తప్పు నేను చెప్పాను. ఇప్పుడు మీది చెప్పండి," అన్నాను. "నీటి పరీక్ష కాగితం మీ ఆఫీసు గేటుకి అంటించి ఉంటే నేను గుడ్డిగా ఈ పిల్ల మీద పడేదాన్నా? ఎందుకు దాస్తున్నారు?"

అప్పుడు కనిషాయ్ లేచింది. అంటించమని తను మూడుసార్లు పైవాళ్లకి రాసిచ్చిందట. దాంతో నవ్వులు ఆగాయి. మర్నాడే ఆమెను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. బుధవారం గేటు మీద కాగితం కనబడింది. ఆ నీళ్లలో దోషం లేదు, నా కళ్లతో నేనే చదివాను.

నిన్న సాయంత్రం ఆమె మనింటికొచ్చింది. తిట్టడానికే అనుకున్నాను. చేతిలో గాజు జాడీ, అందులో వాళ్లింటి తొట్టి స్పాంజి, బొగ్గులా నల్లగా. "మీ మీద కోపం పోలేదక్కా," అంది. "చేప మీద లేదు." స్పాంజిని మన తొట్టిలో పిండింది. నీళ్లు బురదయ్యాయి. మీ అమ్మ తల పట్టుకుంది. నేను టీ పోసి, నూనెలో వేయించిన బోర్సోక్‌లు పెట్టాను. ఒకటే తింది, అదీ నిలబడే.

రోజూ కొంచెం నీళ్లు మార్చమంది, మేత సగం చేయమంది. చేస్తున్నాను. ఇవాళ పొద్దున మగ ఏంజెల్ పైకి రాలేదు, అడుగున మొక్క పక్కన నిలబడి రెక్కలాడిస్తోంది. నువ్వు వచ్చేటప్పుడు దానికో జోడీ తీసుకురా.

మన తెల్లటి స్పాంజి అంచున బఠాణీ గింజంత నల్లమచ్చ అంటుకుంది. మీ అమ్మ గుడ్డ తీసుకుని వచ్చింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

నీ
బురుల్