మూడవ బహుమతి వద్దని మనవి

నగర పరుగు పందెం నిర్వహణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: యాభై ఏళ్లు దాటిన మహిళల విభాగంలో నాకు ప్రకటించిన మూడవ బహుమతిని రద్దు చేసి, నేను పందెంలో పాల్గొనలేదని ధ్రువీకరించమని కోరుట.

పై విషయమై తమకు విన్నవించుకుంటున్నది ఏమనగా, నేను గృహిణిని. ఇల్లు చూసుకోవడం, ఇంటి పద్దులు రాసుకోవడం నా పని. పెళ్లయ్యాక బస్సు వెనక కూడా పరిగెత్తినదాన్ని కాదు. తప్పిపోతే తరువాతి బస్సుకు వెళ్లేదాన్ని.

నా కూతురు, అల్లుడు విడిగా ఉంటున్నారు. ఏడాదిన్నర మనవరాలు తండ్రి దగ్గర పెరుగుతోంది. కోర్టువారి ఉత్తర్వు ప్రకారం శనివారం సాయంత్రం నుంచి ఆదివారం ఉదయం తొమ్మిది వరకు పాప తల్లి దగ్గర ఉండవచ్చు. తొమ్మిదికల్లా పెద్దరోడ్డు మీది పిల్లల సంరక్షణ కేంద్రంలో తండ్రికి అప్పగించాలి. నా కూతురికి ఆదివారం బేకరీలో తెల్లవారుజాము షిఫ్టు కాబట్టి అప్పగించే పని నాది. పందెం జరిగిన ఆదివారం నాటి అప్పగింత గురించి వచ్చే గురువారం కోర్టులో విచారణ ఉంది. అల్లుడి తరఫు వకీలు అక్కడ దాఖలు చేసిన కాగితాలలో మూడు తమ కార్యాలయం నుంచి వెళ్లినవే. అందువల్ల జరిగినది జరిగినట్టు మనవి చేస్తున్నాను.

1. రోడ్డు మూసివేత గురించి: పందెం రోజున ఎనిమిదింటి నుంచి రోడ్డు మూస్తామని తమరు వేయించిన నోటీసు మా వీధి మొదట్లో అంటించారు. నేను అది ముందురోజే చదివాను. ఏడున్నరకల్లా పాపకు పాలు పట్టి, బట్టలు మార్చి, సంచి సర్ది, స్ట్రోలరులో కూర్చోబెట్టి బయలుదేరాను. వీధి చివరికి వచ్చేసరికి ఇనుప కంచెలు పెట్టేసి ఉన్నాయి. కేంద్రం రోడ్డుకు అవతలి వైపు, కొంచెం ముందుకు ఉంటుంది. మా వీధి రెండో చివర గోడ. అంటే ఆ పూట మా వీధివాళ్లు ఇళ్లలో ఉండాలి, లేదా పరిగెత్తాలి. మూడో మార్గం తమ ఏర్పాట్లలో లేదు.

2. నంబరు గురించి: కంచె దగ్గర పసుపుపచ్చ కోటు, మెళ్లో విజిలు వేసుకున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన మంచివారే. కేంద్రం పేరు చెప్పి, పాపను చూపించి, తొమ్మిది దాటితే ఏమవుతుందో చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నారు. "అమ్మా, నంబరు లేనివాళ్లని రోడ్డెక్కనివ్వకూడదు. నంబరుంటే మాత్రం మిమ్మల్ని ఆపేవాడు లేడు" అన్నారు. అప్పటికప్పుడు చేరేవారి కోసం పెట్టిన బల్ల పక్కనే ఉంది. ఒక కాగితం నా చేతికిచ్చి, సంతకం పెట్టి కేంద్రం దగ్గర పక్కకు దిగిపొమ్మన్నారు.

అయ్యా, నేను పాల ప్యాకెట్టు మీది తేదీ కూడా చదివే మనిషిని. ఆ రోజు ఒక చేత్తో బండి పట్టుకుని, పాప టోపీ లాగి పారేస్తుంటే తీసి పెడుతూ, చదవకుండా సంతకం చేశాను. "నా ఇష్టపూర్వకంగా, నా పూర్తి బాధ్యత మీద పాల్గొంటున్నాను" అని అందులో ఉందట. వకీలుగారి ఫైలులో ఇది మొదటి కాగితం.

3. రద్దీ గురించి: నడుచుకుంటూ పోదామనుకున్నాను. ఆ జనంలో నడవడమనేది కుదరదు. వెనకవాళ్లు తోసుకొస్తున్నారు, ముందువాళ్లు ఉన్నట్టుండి ఆగి ఫోటోలు దిగుతున్నారు. తాగి పారేసిన కాగితం గ్లాసులు చక్రాలకు అడ్డం పడి బండి ఒక పక్కకు లాగేస్తోంది. ఎడమకు జరగమని ఒకరు, కుడికి జరగమని ఒకరు. నా పక్కనే రొప్పుతూ వస్తున్న ఒక లావుపాటాయన బండి వంక, నా వంక చూసి, "మీ కాళ్లు ఒకసారి మా ఆవిడకి చూపించాలండీ. ఆవిడింకా దుప్పట్లోనే ఉంది" అన్నాడు. నేను కేంద్రానికి వెళ్లాలన్నాను. "అందరం ఎక్కడికో ఒకచోటికి వెళ్లాల్సినవాళ్లమే, అక్కగారూ" అని ముందుకు పోయాడు.

ఇంతలో మైకులో అమ్మమ్మగారికి చప్పట్లు కొట్టమని చెప్పారు. పాప చప్పట్లు కొట్టడం కొత్తగా నేర్చుకుంది. అదీ కొట్టింది. తమ ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే తీశారు. "అలుపెరుగని ఆనందం" అని రాసి తమ కార్యాలయం గోడకు తగిలించిన ఫోటో అదే. ఇది రెండవ కాగితం.

4. కేంద్రం దగ్గర జరిగినది: ఇది చెప్పడానికే పైవన్నీ చెప్పాను.

కేంద్రం ఎదురుగా వచ్చేసరికి తొమ్మిదికి ఇంకా చాలా టైముంది. కానీ దిగడానికి సందు లేదు. కంచెకు కంచె గొలుసుతో కట్టేశారు. మా అల్లుడు కేంద్రం గేటు బయట, కంచెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. బండిని కంచె వారగా ఆపి, బెల్టు విప్పి, పాపను ఎత్తి కంచె పైనుంచి అందించాను. "బాబూ, పాపని అందుకో. టైముకి ముందే తెచ్చాను" అన్నాను. పాప తండ్రిని చూసి రెండు చేతులూ చాపింది.

అతను ఫోను పైకెత్తాడు. దాన్ని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"గేటు లోపల అప్పగించమని కదా ఉత్తర్వు, అత్తయ్యగారూ. మీరు పరిగెత్తండి. నేనెక్కడికీ పోను" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

అక్కడున్న మరో పసుపు కోటాయన కంచె మీదుగా పిల్లలను దాటించకూడదని, వెనకవాళ్లు తగులుకుని పడతారని, పందెం ముగిసే చోట తప్ప కంచెకు గేటు లేదని కేకలేశారు. పాప చేతులు ఇంకా చాచే ఉన్నాయి. వాటిని మడిచి, మళ్లీ బండిలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాను. ఏడుపు మొదలుపెట్టింది.

5. పరుగు గురించి: అక్కడి నుంచి నేను పరిగెత్తిన మాట నిజం. దాచను. గేటు చివరనే ఉందన్నారు, కాబట్టి చివరికి పరిగెత్తాను. దారిలో ఎవరిని తోశానో, ఎవరి కాలి మీదుగా చక్రం పోయిందో తెలియదు. వారందరికీ తమ ద్వారా క్షమాపణలు. గీత దాటగానే మెళ్లో పతకం వేసి, ఫోటో కోసం వరుసలో నిలబెట్టారు. ఆ వరుస దాటితే గాని బయటి దారి లేదు. కంచె బయట నుంచి వెనక్కి తోసుకుంటూ కేంద్రానికి చేరేసరికి తొమ్మిది దాటి ఇరవై నిమిషాలు. అక్కడి గుమాస్తా రిజిస్టరులో కారణం అనే గడిలో "పరుగు పందెంలో పాల్గొన్నందున" అని రాసుకున్నాడు. గడి చిన్నది, అంతకన్నా పట్టదన్నాడు. పతకం నా మెళ్లోనే ఉంది. తీయడం మరిచిపోయాను.

మా విభాగంలో ఉన్నది ముగ్గురమేనని తరువాత తెలిసింది. తమరు పంపిన మూడవ స్థానం సర్టిఫికెట్టు మూడవ కాగితం.

6. తమ కార్యాలయం గురించి: బహుమతి రద్దు కోసం వచ్చినప్పుడు కౌంటరులోని అమ్మాయి నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, రూలు చదివి వినిపించింది. బండితో వచ్చినందుకు రద్దు చేయవచ్చు. అయితే పసిబిడ్డను ప్రమాదంలో పెట్టినందున అనర్హురాలు అని రాయాలి. అలాగైతే నేను పందెంలో లేనని, దారినపోయే మనిషినని రాయమన్నాను. "ఆ టైములో ఆ రోడ్డు మీద దారినపోయేవాళ్లెవరూ లేరండీ. మూసేశాం కదా" అంది.

ఇంటికొచ్చి దీన్ని పద్దు వేసినట్టు వేసి చూశాను. పందెంలో ఉంటే, సరదాకు పసిపిల్లతో పరిగెత్తిన అమ్మమ్మను. పందెంలోంచి తీసేస్తే, పసిపిల్లను ప్రమాదంలో పెట్టిన అమ్మమ్మను. రెండూ కాదంటే ఆ రోడ్డు మీద నేను లేనే లేను. అయ్యా, నేను ఉన్నాను.

ఆ ఆదివారం తరువాత పాపను మా ఇంటికి పంపలేదు. గురువారం ఈ కాగితాలను నమ్మితే శనివారాలు రద్దవుతాయి. నా కూతురు తన బిడ్డను వారానికొక గంట, కేంద్రంలోని గదిలో, గుమాస్తా ఎదురుగా కూర్చుని చూడాలి. రాత్రి పక్కలో పడుకోబెట్టుకోవడం ఇక ఉండదు.

కాబట్టి తమరు ఈ క్రింది వాక్యం రాసి సంతకం చేయవలసిందిగా ప్రార్థన: "నోటీసులో చెప్పిన సమయానికి ముందే రోడ్డు మూసినందున, ఈ గృహిణి బిడ్డను అప్పగించడానికి వెళ్తూ మా కంచెల మధ్య చిక్కుకుపోయారు, బయటికి రావడానికి మేము దారి ఉంచలేదు." శుభ్రంగా టైపు చేయించి జతపరిచాను. ముద్ర వేయడానికి చోటు వదిలాను. నష్టపరిహారం కోరడం లేదు. పతకం ఈ కవరులోనే వాపసు చేస్తున్నాను.

గురువారం లోపల దీనిని చిత్తగించవలెను. ఆ తరువాత చిత్తగించినా నాకు ఉపయోగం లేదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
తమ రికార్డులో పోటీదారుగా ఉన్న గృహిణి

తా.క.: కవరు అంటించబోతుండగా తమ ఆహ్వానం అందింది. మంగళవారం బహుమతుల సభకు మనవరాలితో, స్ట్రోలరుతో సహా వేదిక మీదికి రావాలని రాశారు. మా అమ్మాయి షిఫ్టు నుంచి వచ్చి, చేతుల పిండి కడుక్కోకుండానే దాన్ని రెండుసార్లు చదివింది. "సభ కోసమంటే పాపని పంపిస్తారేమో అమ్మా" అంది. నేను కవరు పక్కన పెట్టి మళ్లీ కలం తీశాను.

ఆ బహుమతి తీసుకుంటే గురువారం వకీలుగారు ఏమంటారో నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. పాపను సభకు పంపమని తమరే తండ్రికి ఒక ఉత్తరం రాస్తే, అధికారి మాట కాబట్టి కాదనరనుకుంటాను. అలా రాసేట్టయితే పై అర్జీని పక్కన పెట్టండి. పతకం వేసుకుంటాను. ఫోటోకు నవ్వమంటే నవ్వుతాను. వేదిక మీద బండి తోసి చూపించమన్నా తోస్తాను. పాపను ఎత్తుకోవడానికి తల్లి కూడా పైకి రావచ్చునా అన్నది మాత్రం ఆహ్వానంలో లేదు. అది తెలియజేయగలరు.