పళవేర్కాడు వెళ్లొచ్చిన రోజు

గురువారం, రాత్రి

పొద్దున ఆఫీసుకని చొక్కా తొడుక్కున్న మా ఆయన ఉన్నట్టుండి "సముద్రానికి పోదామా?" అన్నాడు. జ్వరంతో మా పాప చిన్ని పోయినప్పటి నుంచీ ఆయన నోట సముద్రం మాట వినడం ఇదే మొదలు. ఎందుకని అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని చీరైనా మార్చకుండా బండెక్కాను. పుత్తూరు దాటి, తమిళనాడులోకి వెళ్లి, పళవేర్కాడు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

ఒడ్డున ఉడకబెట్టిన శనగకాయలమ్మే అవ్వ మమ్మల్ని గుర్తుపట్టింది. అప్పట్లో, చెప్పు అలల్లో కొట్టుకుపోయిందని ఏడ్చిన చిన్నిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరడించింది ఆమే.

"పాప యాడమ్మా? తోడుకోని రాలేదా?" అంది.

ఆయనే, ఏమాత్రం తడబడకుండా, "ఇస్కూలుకు పోయిందవ్వా" అన్నాడు.

"ఎన్నో క్లాసు?"

"ఐదు" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

"ఈసారి తోడుకోని రండి. నన్ను మరిసిపోయుంటాది" అని నవ్వింది అవ్వ. ఇద్దరం తలూపాం. ఆ తర్వాత సముద్రం చూస్తున్నానన్న మాటేగానీ, బడి వదిలే వేళకు ఇంట్లో ఉండాలని ఒకటే కంగారు.

తిరుగుదారిలో ఆయన, సరిహద్దు దాటి మన ఊళ్లలోకి వచ్చాక బండి పక్కకు ఆపాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు:

"ఐదా? నేను ఇంకా నాలుగే అనుకుంటా ఉండానే."

"జూన్‌లోనే ఐదుకొచ్చింది కదా" అన్నాను.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. తాళం తీయడానికి చాలాసేపు ఇద్దరిలో ఎవరమూ ముందుకు వెళ్లలేదు...