గోటితో రెండుసార్లు

పొడుగూ,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల చివరి ఆదివారం ముగ్గురం నీ ఇంట్లో కలుద్దామన్నావు, నిద్రమొహం అప్పుడే సెలవు కూడా పెట్టేసిందన్నావు. వంటింట్లో నిలబడే చదువుకుని నవ్వుకున్నాను. ఈలోగా పాలు పొంగిపోయాయి. నా పొయ్యి మీద పాలు పొంగడం మా అమ్మాయి పుట్టాక చూడలేదట. "అమ్మా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అంటూ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నేను ఈ ఇంట్లో లేను. దర్జీ కొట్టు మీద మన గదిలోనే ఉన్నాను. కింద కుట్టుమిషను చప్పుడుకి మన మంచాలు సన్నగా వణికేవి, గుర్తుందా? డ్యూటీ నుంచి ఎవరు ముందొస్తే కిటికీ పక్క మంచం వాళ్ళది. నిద్రమొహం మాత్రం ఎప్పుడొచ్చినా అదే మంచం మీద పడేది, లేపడానికి మనకే మనసొప్పేది కాదు. ముగ్గురికీ కలిపి మంచి చెప్పుల జత ఒక్కటే ఉండేది. నీ కాళ్ళకి సరిగ్గా సరిపోయేది. నా వంతు వచ్చినప్పుడు ముందు కాగితాలు కుక్కుకుని నడిచేదాన్ని. నిద్రమొహం పెళ్ళిచూపులకి కూడా ఆ చెప్పులే వేసుకెళ్ళి, వాటిని అక్కడే మర్చిపోయి ఉత్త కాళ్ళతో వచ్చింది. "పెళ్ళికొడుకు సంగతి తర్వాత, చెప్పులేవే?" అని నువ్వు గుమ్మంలోనే నిలదీశావు.

ఇక మన టెలిఫోన్ ఎక్స్ఛేంజి. బోర్డు ముందు వరసగా స్టూళ్ళు, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతుల్లో లైన్లు కలిపే తాళ్ళు. నువ్వు ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో అది. "ఇంకో అయిదు నిమిషాలు పడుకుంటానమ్మా" అని అది ట్రంక్ కాల్ అడిగిన పెద్దాయనతో అనడం, ఆయన పాపం "సరే తల్లీ, పడుకో" అనడం. లైనులో విన్న నాకు నవ్వాపుకోలేక తాళ్ళన్నీ చిక్కుపడ్డాయి. మన సూపర్‌వైజరు కళ్ళద్దాలమ్మ గొంతు నేను అచ్చంగా దించేదాన్ని కదా. "ఆ చివరి అమ్మాయీ, నడుం నిటారుగా!" అని ఆవిడలా లైనులో అంటే నువ్వు ఉలిక్కిపడి లేచేదానివి. నువ్వు అలవాటుపడి, ఒకరోజు నిజంగా ఆవిడే అంటే నేనే అనుకుని "నోర్ముయ్యవే కళ్ళద్దాలూ, ఆకలేస్తోంది" అన్నావు. హాలంతా బిగుసుకుపోయింది. ఇప్పుడు తలుచుకున్నా నా వీపు చల్లబడుతుంది.

ఒక్క మాట అడుగుతాను. ఈ కలుసుకోవడం ముందుకు జరపలేవా? వచ్చే నెల కాకుండా ఈ నెలలోనే. నిద్రమొహాన్ని బతిమాలి చూడు. కారణం అడగకు. ఇంట్లో పనులున్నాయి, అంతే. ఫోను చేస్తే పోయేదానికి ఇంత ఉత్తరమేమిటంటావు. రాయాలనిపించింది.

నీ
రేడియో

*

పొడుగూ,

నీ తిట్లు అందాయి. "నీ ఇంట్లో పనులు నాకు తెలియవా? డబ్బాల మీద దుమ్ము దులిపి, దులిపిన గుడ్డని మళ్ళీ దులుపుతావు. నిద్రమొహానికి వేరే సెలవు దొరకదు. నోరు మూసుకుని వచ్చే నెల రా" అని రాశావు. నోరు మూసుకోవడం గురించే చెప్పాలి నీకు. ఇది చదివి ఎవరితోనూ అనకు. నిద్రమొహంతో కూడా.

నా గొంతులో గడ్డ ఉంది. రెండు నెలల కిందట బొంగురుగా మొదలైంది. మావారు జలుబనుకున్నారు. నేనూ జలుబనే చెప్పాను. మిరియాల కషాయం కాచుకున్నాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. ఒకరోజు అద్దం ముందు దువ్వుకుంటూ గుటక వేస్తే మెడలో ఏదో కదిలింది. దువ్వెన అక్కడే పెట్టేసి, బజారుకని చెప్పి ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, మన అమ్మాయిల కంటే నాలుగేళ్ళు పెద్దవాడేమో. కాగితం మీద గొంతు బొమ్మ గీసి చూపించాడు. "గడ్డ తీసేయాలమ్మా, వదిలేస్తే ఊపిరికే అడ్డం వస్తుంది. అయితే గొంతు నరం దీన్ని అంటుకునే ఉంది. నరాన్ని కాపాడటానికే చూస్తాం. హామీ మాత్రం ఇవ్వలేను" అన్నాడు.

"నరం పోతే?" అని అడిగాను.

"గుసగుసగా మాట్లాడతారు. ఒక్కోసారి అది కూడా కష్టం కావచ్చు."

ఆపరేషను తేదీ మన ఆదివారానికి బాగా ముందు వచ్చింది. అందుకే నిన్ను ముందుకు జరపమన్నాను. నువ్వు కుదరదన్నావు. నీ తప్పేం లేదు, నీకేం తెలుసు? నిన్న మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి, నా తేదీ మన ఆదివారం తర్వాతకి మార్చమని చెప్పి వచ్చాను. అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి, "డాక్టరుగారు తొందరన్నారు కదమ్మా?" అన్నాడు. ఇంట్లో ఒప్పుకోవడం లేదని అబద్ధం చెప్పాను. ఇంట్లో ఎవరికీ తెలియనే తెలియదు.

నన్ను తిట్టేముందు కాస్త విను. నేను చావుకి భయపడటం లేదని గొప్పలు పోను. భయమే. అన్నం మింగిన ప్రతిసారీ అది కాస్త పెరిగిందేమోనని ఆగిపోతున్నాను. రాత్రి పడుకుంటే నా ఊపిరి నేనే వింటున్నాను. కానీ దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది. మీరు నాకు రేడియో అని పేరు పెట్టారు. ఆ గదిలో నేను చేసింది అదొక్కటే. నీలా పొడవూ ధైర్యమూ లేవు. నిద్రమొహంలా అందమూ లేదు, ఎక్కడ పడితే అక్కడ పడుకోగలిగే నిశ్చింతా లేదు. నాకున్నది నోరు. దర్జీ గొంతు, ఇంటిగలావిడ గొంతు, కళ్ళద్దాలమ్మ గొంతు దించితే మీరు పొట్టలు పట్టుకుని మంచాల మీద దొర్లేవాళ్ళు. డ్యూటీలో ఎంత అలిసిపోయినా ఆ నవ్వు కోసం మెట్లు ఎక్కేసేదాన్ని. రేపు నీ ఇంట్లో మీ ఇద్దరూ నవ్వుకుంటుంటే నేను ఒక మూల పలక పట్టుకుని కూర్చోవాలా? మీరు జాలిగా నా వైపు తిరిగి గట్టిగా, నిదానంగా మాట్లాడతారా? ఆ జాలి చూడలేను. ఒక్కసారి, ఆఖరిసారి, ఈ బొంగురు గొంతుతోనైనా మిమ్మల్ని నవ్వించి, తర్వాత ఏమైనా కానీ అనుకున్నాను.

ఇంట్లో మాత్రం అన్నీ సిద్ధం చేస్తున్నాను. మావారూ, అమ్మాయీ పొద్దున లేస్తే "పంచదార ఎక్కడ? కత్తెర ఎక్కడ? నా నీలం చొక్కా ఎక్కడ?" అంటూ నన్ను పిలవడమే. నా గొంతే ఈ ఇంటికి తాళంచెవి. అందుకని డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటిస్తున్నాను. పంచదార, ఉప్పు, టీపొడి. బీరువా అరలకి కూడా. నిన్న మావారు చూసి, "ఏంటోయ్, ఇంటిని కొట్టు చేస్తున్నావా? ఇక నాకూ ఒక చీటీ అంటించు" అన్నారు. నవ్వాను. నవ్వినప్పుడు వచ్చిన చప్పుడు నాకే వింతగా ఉంది, ఎవరో తలుపు ఈడ్చినట్టు. ఆయన గమనించలేదు.

ఇది రాస్తుంటే పక్క గదిలో మా అమ్మాయి స్నేహితురాళ్ళు వచ్చి ఉన్నారు. ఎందుకో తెలియదు, ఒకటే నవ్వులు. ఒకమ్మాయి "ఒసేయ్ చాలు, చచ్చిపోతానే" అంటోంది. మనం అచ్చంగా ఇలాగే అనేవాళ్ళం. ఆ మాట వినగానే నా చేతిలో కలం ఆగిపోయింది. మావారి కొట్టు లెక్కలు రాసి రాసి గీత గీసినట్టుండే నా అక్షరాలు ఇక్కడ వంకరపోయాయి చూడు.

జవాబు రాయకు. ఆ ఆదివారం వస్తాను. ఏమీ తెలియనట్టే ఉండు.

రేడియో

*

పొడుగూ,

ఇది ఇంట్లో, కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. మెడకి కట్టు ఉంది. జరిగినదాంట్లో సగం నీకు తెలుసు, మిగతా సగం రాస్తాను.

జవాబు రాయొద్దన్నాను. నువ్వు రాయలేదు. ఫోను మోగింది. మావారు కొట్టుకి వెళ్ళారు, అమ్మాయి ఆఫీసుకి. ఎత్తి "హలో" అన్నాను. అవతల ఏమీ లేదు. ఇంకోసారి "హలో, ఎవరండీ?" అన్నాను. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తేదీ ఎందుకు మార్చానో అడగడానికి ఆసుపత్రి వాళ్ళేమో అనుకున్నాను. పెట్టేయబోతుంటే వినిపించింది. టక్, టక్.

ఎన్నేళ్ళయినా ఆ చప్పుడు మర్చిపోతానా? నువ్వు కళ్ళద్దాలమ్మని నోర్ముయ్యమన్నాక ఆవిడ వారమంతా నా వెనకే నిలబడింది. లైనులో మనలో మనం ఒక్క మాట అంటే ఉద్యోగం ఊడుతుందంది. ఆ వారమే కదా నువ్వు గోటితో మౌత్‌పీసు మీద రెండుసార్లు కొట్టడం మొదలుపెట్టావు. దానికి అర్థం ఎవరం ఎవరికీ చెప్పలేదు. నేనున్నాను అని, అంతే. నువ్వు కొట్టేదానివి, నేను కొట్టేదాన్ని, మధ్యలోంచి ఏమీ వినపడకపోతే అది నిద్రపోతోందని అర్థం.

నేనూ ఫోను మీద గోటితో కొట్టాను. నువ్వు మళ్ళీ కొట్టావు. తర్వాత చాలాసేపు ఎవరమూ ఏమీ అనలేదు. మీ ఇంట్లో ఎవరో కుర్చీ లాగిన చప్పుడు, కొళాయి చప్పుడు, నువ్వు ముక్కు ఎగపీల్చిన చప్పుడు, అన్నీ విన్నాను. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. అప్పుడు మాట్లాడావు.

"ఇంతసేపూ నోరెత్తలేదు నువ్వు. నేను లైను కట్ చేశానా?"

ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాను.

"ఆ వారం నువ్వు నోరు మూసుకుంటే గది ఎంత హాయిగా ఉందో తెలుసా? నేనూ అదీ దండాలు పెట్టుకున్నాం, ఇలాగే ఉంచు దేవుడా అని. అందరి గొంతులూ దించినదానివి, సొంత గొంతు కోసం ఏడుస్తున్నావా? చూడు, రేపే ఆసుపత్రికి పోయి ఆ తేదీ వెనక్కి తెచ్చుకో. ఇవాళ సాయంత్రంలోపు మీ ఆయనకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా? కాదంటే బస్సెక్కి వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్తా. పొడుగుదాన్ని, జుట్టు బాగా అందుతుంది నాకు."

అప్పుడు నవ్వాను, తలుపు ఈడ్చినట్టే. నువ్వు విన్నావు. ఏమీ అనలేదు. దానికి నీకు రుణపడి ఉంటాను.

మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకుని కొట్టుకి వెళ్ళాను. మావారు గడియారాలు బాగుచేస్తారని తెలుసుగా. కంటికి అద్దం పెట్టుకుని ఏదో పాత గడియారం పొట్ట విప్పుతున్నారు. బల్ల ముందు నిలబడి అంతా చెప్పేశాను. అద్దం తీశారు. దాని గుండ్రటి గుర్తు కంటి చుట్టూ అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పాను.

"రోజంతా చెవి దగ్గర గడియారం పెట్టుకుని అది ఎక్కడ తడబడుతుందో వింటాను," అన్నారు. "ఇంట్లో మనిషి గొంతు వినలేకపోయాను." పట్టపగలు కొట్టు తలుపులు దించారు. డబ్బా విప్పకుండానే ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. గుమాస్తా "ఇంట్లో ఒప్పుకోలేదన్నారు?" అంటే, "ఇంట్లోవాణ్ణి నేనే. ఒప్పుకున్నాను" అన్నారు.

పాత తేదీ దొరికింది. ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు నా పళ్ళు కొట్టుకోవడం ఆపలేకపోయాను. నర్సు నా చెయ్యి పట్టుకుని ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టమంది. నేను మాత్రం కళ్ళద్దాలమ్మ గొంతుతో "నడుం నిటారుగా!" అన్నాను. అదే ఆఖరి మాట అయితే అవనీ అనుకున్నాను. నర్సుకేమీ అర్థం కాలేదు.

మెలకువ వచ్చేసరికి పిలవబోయాను. ఏమీ రాలేదు. గాలి కూడా సరిగ్గా రాలేదు. నూతిలో పడ్డవాళ్ళు అరిచినా ఎవరికీ వినపడనట్టు, పొడుగూ, అంత భయం నా జన్మలో ఎరగను. మావారు కుర్చీలో కునుకు తీస్తున్నారు. చెయ్యి చాచితే మంచం ఇనప కమ్మీ తగిలింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే గోటితో కొట్టాను. రెండుసార్లు. ఆయన లేచారు. నాకు నీళ్ళు కావాలేమోనని గ్లాసు వెతుకుతారనుకున్నాను. కాదు. వంగి, గడియారం మూతలు తెరవడానికి పెంచుకున్న ఆ బొటనవేలి గోటితో కమ్మీ మీద రెండుసార్లు కొట్టారు.

నువ్వే నేర్పావట. "మా దానికి మాటొచ్చినా రాకపోయినా ఇది చాలు, ప్రాక్టీసు చెయ్యండి బావగారూ" అని ఫోనులో చెప్పావట. ఆయన కొట్టులో బల్ల మీద కొట్టుకుంటుంటే గడియారం తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు వింతగా చూశారట.

గడ్డ పోయింది. నరం తెగలేదట, నలిగిందట. గొంతు రావచ్చు, రాకపోవచ్చు, చూడాలి అంటున్నాడు డాక్టరు. ఇప్పటికి గుసగుస కూడా లేదు. డబ్బాల మీద పేర్లు బాగానే పనికొస్తున్నాయి. మా అమ్మాయి మాత్రం ఉప్పు అని రాసి ఉన్న డబ్బా ముందు నిలబడి "అమ్మా, ఉప్పెక్కడ?" అని నిన్న కూడా అరిచింది.

భయం పోయిందని రాస్తే అది అబద్ధం. పొద్దున లేవగానే మొట్టమొదట గొంతు తడుముకుంటాను, ఒక్క అక్షరం వస్తుందేమోనని. రాదు. ఆ భయాన్ని కూడా సంచిలో సర్దుకుని ఆదివారం వస్తున్నాను. బస్సు దగ్గర దింపడానికి మావారొస్తారు, అక్కడి నుంచి నీ ఇంటికి నేనొక్కదాన్నే నడిచొస్తాను. మెత్తటి చెప్పులు కొనుక్కున్నాను, కాగితాలు కుక్కక్కర్లేదు.

నిద్రమొహానికి నువ్వే అంతా చెప్పు. కిటికీ పక్క చోటు దానికే వదిలెయ్. నేను వచ్చాక ఎవరూ నా కోసం గట్టిగా, నిదానంగా మాట్లాడొద్దు. ఎప్పటిలాగే ఒకరి మాటకి ఒకరు అడ్డం పడండి. బెల్లు నొక్కను. తలుపు మీద గోటితో కొడతాను. కాస్త చెవి పెట్టుకుని ఉండు.

లైనులోనే ఉన్న
నీ రేడియో