దాలమ్మ అరుపు మీద వ్యాయామ సమితి వేసిన శిక్ష

గార్డెన్ రీచ్, కలకత్తా,
ఆగస్టు 2003.

క్రీడలు, యువజన వ్యవహారాలు చూచు అధికారి గారి సముఖమునకు, డాక్‌లో సరుకులెత్తే వించి యంత్రం నడిపి రిటైరైన కోరాడ కూర్మయ్య వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: మా పేట వ్యాయామ సమితి ప్రవర్తనా నియమావళి కింద నా భార్య దాలమ్మను 'అరిచిన నేరము'నకు సస్పెండ్ చేయుట – సదరు ఉత్తర్వు రద్దు కోరుట – గురించి.

తమరు తెలుగు దేశము నుండి వచ్చిన వారని, తెలుగు చదువగలరని మా వాళ్లు చెప్పగా ధైర్యము చేసి మన భాషలోనే వ్రాయుచున్నాను. ఉద్యోగములో ఉన్నన్నాళ్లు తోటి కూలీలకు అర్జీలు వ్రాసిపెట్టినది నేనే. నా సొంతానికి వ్రాసుకొనుట ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

1. మా వ్యాయామ సమితి ఒకప్పుడు డాక్ కూలీలు తలొక చెయ్యి వేసి కట్టుకున్న రేకుల షెడ్డు. ఇనుప గుండ్లు, రెండు బార్‌లు, ఒక అద్దం ఉండేవి. నిరుడు ప్రభుత్వం వారి దయవల్ల కొత్త యంత్రాలు వచ్చాయి. యంత్రాల వెనుకే నియమాల బోర్డు వచ్చింది. మా సెక్రటరీ నిరంజన్ హాల్దార్ గారు, అంటే మా అందరికీ నిరంజన్ దా (ఇక్కడ అన్నను 'దా' అంటారు), బాలీగంజ్ వైపు ఏదో చల్లటి గదుల జిమ్ము చూసివచ్చి, అక్కడి నియమాలను బెంగాలీలో రాయించి గోడకు కొట్టించారు.

వాటిలో మంచివి లేకపోలేదు. తువ్వాలు తెచ్చుకోవాలన్నది సబబే. పూర్వం మా చెమటను యంత్రాలకే వదిలి వెళ్లేవాళ్లం. పాన్ ఉమ్మరాదన్నదీ సబబే. నా మనవి మిగతా రెండింటి గురించి. ఒకటి, వ్యాయామ సమయంలో సభ్యులు నోటితో ఏ శబ్దమూ చేయరాదు. రెండు, ఒకరు వ్యాయామం చేస్తుండగా ఇంకొకరు వారి బరువును ముట్టరాదు, సలహా చెప్పరాదు, దగ్గరగా నిలబడరాదు.

2. నా భార్య దాలమ్మ గురించి తమకు కొంత విన్నవించాలి. మా సందులో కుళాయి దగ్గర ఆమె మాట్లాడితే షిప్‌యార్డు గోడ దాకా వినబడేది. ఆమె నోటికి జడిసి నేను డ్యూటీ దిగాక టీ కొట్టు దగ్గర ఆలస్యం చేసిన సాయంత్రాలు ఎన్నో. అటువంటి మనిషికి గత శీతాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట ఒక్కసారే పోయాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ, చేతికి రోజూ కప్పీ తాడు లాగే పని పెట్టమని, మాట సంగతి మాత్రం తాను చెప్పలేనని అన్నది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. టీ కొట్టు దగ్గర ఆలస్యం చేయడానికి నాకు కారణం లేకపోయింది.

కప్పీ తాడున్న యంత్రం సమితిలో ఉంది. అడగ్గానే నిరంజన్ దా, "బౌదిని తీసుకురండి కూర్మయ్య దా, మధ్యాహ్నం ఆడవాళ్ల వేళలో మీరూ ఆమె పక్కన ఉండండి" అన్నారు. బౌది అంటే వదిన. ఆయన మంచివారు కారని నేను ఎక్కడా వ్రాయలేదని గమనించ ప్రార్థన.

3. మొదటి రోజుల్లో దాలమ్మ తాడు పట్టుకొని అలాగే కూర్చునేది. చెయ్యి కదిలేది కాదు. ఒకనాడు నేను ఏమీ తోచక, ఓడలో బేళ్లు లాగేటప్పటి మా పాత అరుపు 'హైలెస్సా' అని అందుకున్నాను. ఆమె చెయ్యి లేచింది. మళ్లీ అన్నాను, మళ్లీ లేచింది. మా పెళ్లయిన కొత్తలో ఆమె కూడా గోదీలో, అంటే ఓడలు ఆగే డాక్‌లోనే, గంపలు మోసిన మనిషి. ఆ అరుపు ఆమె చెవికి కాక నేరుగా భుజానికి వినిపించిందని నేను అనుకుంటున్నాను.

శబ్దం చేశానని నాకు హెచ్చరిక ఇచ్చారు. తరువాత నేను నోరు మాత్రం ఆడించి గొంతు మూసి ఆమె ఎదురుగా నిలబడ్డాను. ఆమె నా వాలకం చూసి వంకర మూతితో నవ్వింది కాని తాడు లాగలేదు.

4. ఇక్కడ తమ దృష్టికి తేవలసిన ముచ్చట ఒకటున్నది. సమితి షెడ్డులోనే ఊరేగింపులకు ముందు మైకు పెట్టి సభ జరుగును. ఆనాడు సభ్యులందరూ గొంతెత్తి నినాదాలు ఇవ్వవలెను. నేను వెనుక నిలబడి నోరు ఊరికే ఆడిస్తుండగా, "గొంతేమైంది కూర్మయ్య దా" అని నిరంజన్ దా అందరి ముందూ అడిగారు. నియమం అలవాటైపోయిందని చెప్పుకున్నాను. అది ఎత్తిపొడుపుగా తీసుకొన్నారు. ఏ రోజు నోరు మూయవలెనో, ఏ రోజు తెరవవలెనో బోర్డు మీదనే వేయించినచో సభ్యులకు సౌకర్యముగా నుండును.

5. అసలు నేరము జరిగిన విధము. క్రిందటి నెలలో యంత్రాలు ఎలా వాడుతున్నారో చూడడానికి పై నుంచి పెద్దలు వస్తారన్నారు. ఆ మధ్యాహ్నం ఆడ, మగ సభ్యులందరినీ రమ్మన్నారు. అందరం బూట్లు తొడిగి, తువ్వాళ్లు భుజాన వేసుకొని వరసగా నిలబడ్డాం. నిరంజన్ దా నియమాలు చదివి వినిపించి, వ్యాయామం ఎంత మర్యాదగా చేయవచ్చో తానే చూపిస్తానని బల్ల మీద వెల్లకిలా పడుకొని బార్ ఎత్తారు. పెద్దలు చూస్తున్నారన్న ఉత్సాహంలో ఇనుము కాస్త ఎక్కువే వేసుకున్నారు. ఒకసారి ఎత్తారు. రెండోసారి బార్ గుండెల మీదికి దిగి అక్కడే ఆగిపోయింది.

ఆయన కేక వేయలేదు. వేయలేకపోయారో, నియమం గుర్తొచ్చిందో నాకు తెలియదు. మొహం కందగడ్డలా అయింది. మేమంతా చూస్తూనే ఉన్నాం. నా పక్కనున్న పోలిరాజు, ఓడకు వేసిన పలకల మీద బస్తాలు మోసిన బలశాలి, నా చెవిలో మెల్లగా, "దాదా నిదానంగా సేత్తన్నారేటి?" అన్నాడు. ముట్టరాదని బోర్డు మీద ఉంది. వచ్చిన పెద్దలు అది కూడా వ్యాయామంలో ఒక భాగమనుకొని తలలూపుతున్నారు. నిజం ఒప్పుకోవాలంటే నా కాళ్లూ కదలలేదు.

అప్పుడు కప్పీ యంత్రం దగ్గర కూర్చున్న దాలమ్మ నోటి నుంచి 'హైలెస్సా' అని వచ్చింది. పాత గొంతు. షిప్‌యార్డు గోడ దాకా పోయే గొంతు. ఆ మాట చెవిన పడగానే పోలిరాజు, నేను, ఇంకా డాక్‌లో పనిచేసిన పాతవాళ్లందరం ఎవరినీ అడగకుండా బార్ మీద పడ్డాం. ఆమె రెండోసారి అనేసరికి బార్ లేచింది. నిరంజన్ దా లేచి కూర్చొని దగ్గారు. అందరూ ఆయన చుట్టూ మూగారు. నేను ఆయన వైపు చూడలేదు. దాలమ్మ వైపు చూస్తున్నాను. ఆమె తన నోటిని ఎడమ చేత్తో తడుముకొంటోంది.

6. పెద్దలు వెళ్లిన మరునాడు నోటీసు వచ్చింది. సందర్శకుల సమక్షంలో బిగ్గరగా అరిచి సమితి పరువు తీసినందుకు దాలమ్మ కమిటీ ముందు హాజరై 'నోటి మాటగా' సంజాయిషీ చెప్పవలెనని. ఆమెకు ఆ ఒక్క మాట తప్ప ఇంకే మాటా తిరిగి రాలేదని నేను రాసి ఇచ్చాను. సభ్యురాలే చెప్పాలన్నారు. తీసుకువెళ్లాను. ఎందుకు అరిచావని అడిగారు. ఆమె చాలాసేపు పెదవులు కూడదీసుకొని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, "హైలెస్సా" అంది.

సంజాయిషీ తృప్తికరముగా లేదని, సక్రమమైన మాటలలో క్షమాపణ చెప్పువరకు సభ్యత్వము నిలిపివేయడమైనదని వ్రాశారు. ఆ కాగితం మీద సంతకం చేసేటప్పుడు నిరంజన్ దా తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆయన కమలాపళ్లు తీసుకొని మా ఇంటికి వచ్చారు. దాలమ్మ మంచం పక్కన కూర్చొని బెంగాలీలో, "బౌది, మీరు లేకపోతే నేను లేను" అన్నారు. మరి సస్పెండ్ ఎందుకు చేశారని అడిగాను. "నేను పెట్టిన నియమాన్ని నా ప్రాణం కోసం నేనే తప్పిస్తే రేపు నా మాట ఎవరు వింటారు, కూర్మయ్య దా?" అన్నారు. ఆయన నిజంగానే బాధపడుతున్నారు. దాలమ్మ ఒక పండు ఒలిచి ఆయనకే పెట్టింది. కుడి చేత్తో ఒలవబోయి, జారిపోగా ఎడమ చేత్తో ఒలిచింది. తాడు మానేసినప్పటి నుంచి ఆ చెయ్యి మళ్లీ బిగుసుకుపోతున్నది.

కావున ఏలినవారు దయతలచి: సస్పెన్షన్ రద్దు చేయించవలెను. ప్రాణము మీదికి వచ్చినప్పుడు, పోయిన మాట తిరిగి వచ్చునప్పుడు సభ్యులు శబ్దము చేయవచ్చునని బోర్డు మీద చేర్పించవలెను. అట్లు వీలుకానిచో, ఆ కప్పీ తాడు ఉన్న మూలకు మాత్రము నియమావళి వర్తించదని ఉత్తర్వు ఇప్పించవలెను.

నా మాటలలో మర్యాద తప్పినచోట వయసును, కారణమును లెక్కలోనికి తీసుకొని చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు,
కోరాడ కూర్మయ్య

తా.క.: సంతకం చేసి కాగితం మడవబోతుండగా దాలమ్మ వచ్చి పక్కన నిలబడింది. కాగితం వైపు చూపించి, "ఏటి?" అంది. అయ్యా, ఆ మాట నేను విని ఎన్నాళ్లయిందో. అర్జీ అన్నాను. కాసేపు పెనుగులాడి, "ఎవులికి?" అంది. పెద్ద ఆఫీసరు గారికి, కమిటీ మీద అని చెప్పాను. ఆమె కుర్చీ వీపు పట్టుకొని, ఊపిరి తీసుకొని, "తిట్టు" అంది. అర్జీలో తిట్టరాదని ఎంత చెప్పినా వినలేదు, నా భుజం మీద పొడుస్తూనే ఉంది. పైన వ్రాసిన కోరికలలో ఏది తీర్చినా, తీర్చకపోయినా, తమరు మా కమిటీని ఒక్కసారి పిలిపించి గట్టిగా తిట్టవలసినదిగా ప్రార్థన. తెలుగులో తిట్టగలిగితే ఆమెను కూడా వెంటబెట్టుకొని వస్తాను.