దారిలో నా దాహాలు

మావా, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నీ సంవత్సరీకం అయిన మర్నాడే, అంటే ఈ ఉదయమే, మనవరాలు నీ బండి మీద నెల్లిమర్ల నుంచి పూరీ బయలుదేరింది. ఆడపిల్ల ఒక్కతే అంత దూరమా అని కొడుకు తాళం దాచాడు. "మీ నాయన ఎనకాల కూకోని ఆ దారంట ఎన్నిపాళ్లు ఎల్లేనో నీకేటి తెలుసురా. తాళమియ్యి," అన్నాను. ఇచ్చాడు.

నా భయం వేరు. పిల్లకు నీ మొండితనమే వచ్చింది. పూరీ చేరేదాకా బండి దిగనంది. నువ్వూ అంతే, కళ్లు మూతలు పడుతున్నా అలిసిపోయానని ఒప్పుకునేవాడివి కాదు. అందుకే దాహమేస్తోందని చెప్పి నేనే బండి ఆపించేదాన్ని. నాకు ఏనాడూ దాహం వేయలేదు మావా, ఇప్పుడు చెబుతున్నాను.

ఈ వయసులో దాని వెనకాల నేను కూర్చోలేను కదా. దారిమధ్యన నౌపడలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేయించి వంట చేయమన్నాను.

"ఒసే, సిన్నమామ్మ అన్నం వొండుకోని కూకుంటాది. తినకండా పోనావంటే సుట్టాల్లో నాకు మొకం సెల్లదు," అని పిల్లకు చెప్పాను.

"ఇది బెదిరింపు మామ్మా," అంది.

"అవునే," అన్నాను.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. పిల్ల కడుపునిండా తిని, చాప మీద ఒరిగి అలాగే నిద్రపోయిందట. "ఇప్పుడు లేవకపోతే దారిలోనే సీకటైపోద్ది. లేపమంటావేటి అప్పా?" అని అడిగింది.

"లేపకు. ఈ రేత్రికి నీకాడే ఉండనీ. పూరీ ఎక్కడికి పోద్ది?" అన్నాను.