పంకా లేని పడవ

ఒరే అప్పన్నా,

నీ తమ్ముడు పడవ కొన్నాడురా! ఇక్కడ బహ్రెయిన్‌లో ఎవరో వాడుకుని అమ్మేసిన పాతదే. సీట్లు చిరిగాయి, అయినా నా కంటికి పెళ్ళికూతురిలా ఉంది.

నువ్వు పోయాక మన ఇంట్లో పడవ మాటే ఎత్తనివ్వలేదు నేను. పడవ అడుగున తిరిగే పంకాకి చుట్టుకున్న వల విప్పుదామని నువ్వు నీళ్ళలో దిగితే, ఎవరో చూడక ఇంజను పెట్టేశారు. సల్మానియా ఆసుపత్రిలో నీ కాళ్ళ మీది గుడ్డ తీసి చూసింది నేనే కదా.

"దీనికి బయట పంకా ఉండదు నాన్నా, నీళ్ళు లోపలికి లాగి వెనక్కి చిమ్ముతాది" అన్నాడు తమ్ముడు. నేను నమ్మలేదు. ఇంజను తాళం మొలలో దోపుకుని, లుంగీ ఎగ్గట్టి దిగి అడుగంతా తడిమాను. అమ్మే భాయ్ నవ్వాడు: "చాచా, ఏం పోయింది అక్కడ?" నేను తడుముతూనే ఉన్నాను. చేతికి ఎక్కడా రెక్క తగల్లేదురా. ఒక జాలీ, ఒక గొట్టం, అంతే. "ఖలాస్, ఇదే కొను!" అని అరిచేశాను.

నడిపి చూశాం. ఒడ్డు దగ్గరపడగానే మనవాళ్ళ అలవాటు కొద్దీ "ఇంజను కట్టేసి తిప్పరా" అన్నాను. కట్టేస్తే నీళ్ళు చిమ్మదు, చిమ్మకపోతే ఇది తిరగదట! నేరుగా పోయి ఇసుకలో కూర్చుంది.

"నీ మాట ఇన్నాను సూడు, నాకు బుద్ధి నేదు" అని నవ్వుతూ, తోయడానికి వాడు వెనకవైపు నీళ్ళలోకి దూకాడు. నేను ఇంజను తాళం లాగి గుప్పిట్లో పట్టుకున్నాను.

పైకొచ్చాడురా అప్పన్నా. రెండు కాళ్ళతో నడిచొచ్చాడు.

నాన్న