తూర్పు సగం

వయసు డెబ్బై ఒకటి, వృత్తి దస్తావేజులు రాయడం, ప్రస్తుతం విశ్రాంతి, అందరూ లేఖరి గారు అని పిలిచే నేను, ఒంటిమీద తెలివి, మనసులో స్థిమితం ఉండగా, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా కుడిచేత్తో నేనే రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఏవీ లేవు. నలభై ఏళ్లు ఇతరుల వీలునామాలు రాసినవాడికి తనది రాసుకునే తీరిక దొరకలేదు.

“మనసులో స్థిమితం” అనే మాట ఎన్ని కాగితాల మీద రాశానో నాకే తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నా సరే, స్థిమితంగా ఉన్నాడనే రాసేసేవాణ్ని. ఇవాళ నా విషయానికి వచ్చేసరికి కలం అక్కడే ఆగింది. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. నాకు తేదీ, వారం, కూతురి పేరు తెలుసని అందులో ఉంది. నాకు తెలియనివి ఆయన అడగలేదు. మేడ మీది మల్లె ఆకులు ఎందుకు పసుపెక్కుతున్నాయో రెండేళ్లుగా నాకు తెలియడం లేదు. నాలుగు రోజులుగా అంతకంటే పెద్ద సంగతి ఒకటి అర్థం కావడం లేదు. అది నాలుగో అంశంలో వస్తుంది. ముందు తేలికైనవి రాస్తాను.

ఒకటి. నేను కాపురముంటున్న ముందు వాటా, అనగా వీధి గది, మధ్య గది, వంటగది, అందలి సామానుతో సహా, నా ఏకైక కుమార్తె, మందుల షాపు నడుపుకుంటున్న మా అమ్మాయికి నా తదనంతరం సర్వహక్కులతో చెందవలసినది. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. రాతబల్ల మాత్రం అమ్మకూడదు. దాని మీది సిరా మరకలు రుద్దకూడదు. అమ్మా, నా మాత్రల డబ్బా మీద “పొద్దున”, “సాయంత్రం” అని నువ్వు పెద్ద అక్షరాలతో రాసినప్పుడు, అక్షరాలు కోడి గీకినట్టున్నాయని కసిరాను. బాగానే ఉన్నాయి. మాత్రలు గుర్తుండని స్థితికి వచ్చానే అని నా మీద నాకొచ్చిన కోపం అది.

రెండు. మెట్ల దగ్గర మేకుకు దారంతో వేలాడే మొక్కల నోటుపుస్తకం. ఇది నా చరాస్తి అనుకుని ఆస్తుల షెడ్యూల్లో చేర్చబోయాను. తెరిచి చూస్తే అందులో నా రాత పావువంతు కూడా లేదు. మొదటి పేజీలన్నీ నా భార్యవి. ఆమె పోయిన తర్వాత, ఆమె లేని మొక్కలు నాకెందుకు, ఎండిపోనీ అనుకుని పది రోజులు మేడ ఎక్కలేదు. పదకొండో రోజు ఎక్కితే వంగ మొక్క తల వేలాడేసుకుని ఉంది. ఏం చేయాలో తెలియక ఈ పుస్తకం తీశాను. “వాడిందని వెంటనే పీకేయకు, సాయంత్రం దాకా ఆగు” అని ఆమె చేతిరాత. వంగ గురించే రాసింది, నా గురించి కాదు. అయినా ఆ పేజీ పట్టుకుని నేను నిజంగానే సాయంత్రం దాకా అక్కడ కూర్చున్నాను. వంగ లేచింది. నేనూ లేచి కిందికొచ్చి అన్నం వండుకున్నాను.

తర్వాత ఆదివారం పూట ఒకరొకరే పైకి రావడం మొదలుపెట్టారు. విత్తనాలు తెచ్చేవాళ్లు, కొమ్మలు పట్టుకెళ్లేవాళ్లు, ఊరికే వచ్చి తమ మనసులో బరువు చెప్పుకుని చేతులు మట్టి చేసుకుని పోయేవాళ్లు. వచ్చిన ప్రతివాళ్లూ ఆ పుస్తకంలో ఏదో ఒకటి రాశారు. ఒకే తెగులుకు ఒకరు వేపనూనె అని, ఇంకొకరు సబ్బునీళ్లు అని, మూడోవారు దాని మానాన దాన్ని వదిలేయమని రాశారు. మల్లె పసుపుకు మాత్రం తొమ్మిది కారణాలు ఉన్నాయి. ఎండ చాలలేదట, ఎండ ఎక్కువైందట, కుండీ ఇరుకట. నేను అన్నీ చేశాను. మల్లె మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

కావున సదరు పుస్తకం ఎవరికీ చెందదు. మేకుకే వేలాడవలసినది. ఎవరైనా రాయవచ్చు, చింపరాదు. తప్పులు దిద్ది శుభ్రంగా తిరగరాస్తామని ఎవరైనా ముందుకు వస్తే, వారిని మెట్లు దింపి పంపవలసినది.

పక్కింటి రేడియో మామకు ఈ వీలునామాలో ఏమీ రాయడం లేదు. ఆయన వాటా టమాటాలు ఆయన ఇదివరకే, నేను చూడనప్పుడల్లా, పుచ్చుకున్నారు.

మూడు. పుదీనా తొట్టె, నాకు వ్యాయామం చేయించిన అమ్మాయికి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి నా కుడిచెయ్యి కర్ర ముక్క అయింది. ఆ అమ్మాయి రోజూ వచ్చి రబ్బరు బంతి ఇచ్చి పిసకమనేది. లేఖరి చేతికి పిల్లల బంతి ఏమిటని విసిరికొట్టాను. తను కోప్పడలేదు. “బంతి మీద కోపమైతే, మీకు ఇష్టమైంది పిసకండి తాతగారూ” అని నన్ను పట్టుకుని మేడ ఎక్కించి, తొట్టెలో మట్టిలో నా చెయ్యి పెట్టింది. మొదటి నెల మట్టి పిడికిట్లో నిలవలేదు. మూడో నెలలో పుదీనా కొమ్మ గిల్లగలిగాను. ఆరో నెలలో కలం పట్టి “అ” రాసి, ఎవరూ చూడకుండా ఏడ్చాను. ఈ కాగితం మొత్తం ఆ పుదీనా చలవే. రబ్బరు బంతి బల్ల సొరుగులో ఉంది, అది కూడా ఆమెకు ఇవ్వవలసినది. దానికి నా క్షమాపణ చెప్పవలసినది.

నాలుగు. మేడ మీది డాబాలో నా వాటాకు వచ్చిన తూర్పు సగమును, అందలి మల్లెపందిరి, నిమ్మ డ్రమ్ము, ఇరవై ఆరు కుండీలతో సహా మా అమ్మాయికి

(కొట్టివేత నాదే.)

ఇక్కడ హద్దులు రాయాలి. హద్దులు లేని ఆస్తి ఎవరిదీ కాదని అందరికీ చెప్పినవాణ్ని. అందుకని పంతొమ్మిదేళ్ల కిందట నేనూ నా తమ్ముడూ రాసుకున్న పంపకాల దస్తావేజు పెట్టెలోంచి తీశాను. తమ్ముడు దర్జీ, మా నాన్నలాగే. గోడకవతల, వెనక వాటాలో ఉంటాడు. వాడి మెట్లు వేరు, నా మెట్లు వేరు. డాబా మధ్యలో నడుమెత్తు గోడ ఉంది.

మాకు మాటా మాటా వచ్చింది ఈ డాబా దగ్గరే. గుడ్డలు కత్తిరించుకోవడానికి వాడికి పొద్దుటి వెలుతురు కావాలి. మొక్కలు పెట్టుకోవడానికి నా భార్యకు పొద్దుటి ఎండ కావాలి. పెద్దవాణ్ని, తూర్పు నాదన్నాను. “రాసేవాడివి నువ్వేగా, నీకేం కావాలో రాసుకో” అన్నాడు వాడు. ఆ మాట చురుక్కున తగిలింది. ప్లాను కాగితాన్ని గిర్రున వాడి వైపు తిప్పి, “కళ్లు పెట్టుకుని చూసుకో, అన్న మోసం చేశాడని తర్వాత అనకు” అన్నాను. ఆ కోపంలోనే గబగబా షెడ్యూలు రాశాను. వాడు కాగితం తీసుకుని చూసి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ప్లాను కాగితాన్ని మళ్లీ నా వైపు తిప్పుకోలేదని నాలుగు రోజుల కిందట తెలిసింది. తలకిందులుగా ఉన్న ప్లాను చూసి రాశాను. కింది వాటాలకు గదుల పేర్లు రాశాను కనుక బతికిపోయాను. డాబాకు గదులు లేవు, దిక్కులే. పెద్దవాడికి పడమటి సగం, చిన్నవాడికి తూర్పు సగం అని, నా ముత్యాల్లాంటి అక్షరాలతో నేనే రాసి పెట్టాను. తూర్పు కోసం తమ్ముణ్ని పోగొట్టుకున్నవాణ్ని, తూర్పును వాడికే రాసిచ్చాను.

ఐదుసార్లు చదివాను. కళ్లజోడు తుడుచుకుని చదివాను. మర్నాడు పొద్దున మేడ ఎక్కి సూర్యుడు ఎటు వస్తున్నాడో కూడా చూసుకున్నాను. సందేహం లేదు. పంతొమ్మిదేళ్లుగా మల్లె, నిమ్మ, వంగ, ఆదివారం జనం, నా భార్య పోయిన దుఃఖంలోంచి నేను బయటపడిన చోటు, నా చెయ్యి తిరిగొచ్చిన చోటు, అన్నీ తమ్ముడి స్థలంలో ఉన్నాయి.

ఇన్నేళ్లు అనుభవించినవాడిదే హక్కు అని ఒక వాదన ఉంది. ఆ వాదన నేను చాలామందికి రాసిపెట్టాను. తమ్ముడి మీద రాయడానికి చెయ్యి రాలేదు.

ఐదు. ఈ అంశంలో ఇచ్చేదేమీ లేదు. నాకు అర్థం కానివి రాసుకుంటున్నాను.

వాడికి తెలుసా, తెలియదా? గుడ్డను రెండుసార్లు కొలవనిదే కత్తెర పెట్టనివాడు, దస్తావేజు చదవకుండా సంతకం పెడతాడా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు? నవ్వుకోవడానికా? తెలియకపోతే, మల్లె పందిరికి ఉన్న ముడుల సంగతి ఏమిటి? తీగను పురికొసతో కట్టడం నా భార్య పద్ధతి, నా పద్ధతీ అదే. మొన్న చూస్తే కొత్త తీగలన్నీ గుడ్డ అంచు పేలికలతో కట్టి ఉన్నాయి. ఆమే కట్టిందేమో అనుకున్నాను. ఆమె పోయి ఆరేళ్లయింది, పేలికలు కొత్తవి. పక్షవాతంతో నేను నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక్క మొక్కా చావలేదు. ఆదివారం జనం నీళ్లు పోశారని మా అమ్మాయి అనుకుంది. మా అమ్మాయి పోసిందని వాళ్లు అనుకున్నారు. వాన పడిందేమో అని నేను అనుకున్నాను. అది మండు వేసవి.

అప్పటి నుంచి డాక్టరు నన్ను రోజుకు ఒక్కసారే, అదీ పొద్దునే, మెట్లెక్కమన్నాడు. మిగతా పూట పైన ఏం జరుగుతుందో నాకు తెలియదు. వాణ్ని అడిగితే తేలిపోతుంది. కానీ పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాటగా ఏమని అడగను? ఒరేయ్, నీ డాబా మీద నేనుంటున్నానట, నీకు తెలుసా అనా?

ఆరు. తూర్పు సగం తమ్ముడికి రాద్దామంటే, అది వాడిదే. వాడిది వాడికి నేను రాసివ్వడం చెల్లదు. కుండీలు రాద్దామా అంటే, కుండీ చరాస్తి. నిమ్మ కూడా చరాస్తే, కానీ దాని వేరు డ్రమ్ము అడుగు చీల్చుకుని డాబా పగుల్లోకి దిగింది, కనుక స్థిరాస్తి అయిందా? మల్లె వేరు నా కుండీలో, తీగ వాడి గోడ మీద. వృత్తిలో ఇన్నేళ్లున్నవాణ్ని, ఒక మల్లెను ఏ షెడ్యూల్లో రాయాలో తెలియక కూర్చున్నాను.

ఒక్కటి మాత్రం స్పష్టం. మా నాన్న పెద్ద కత్తెర పంపకాలప్పుడు నేను పట్టుబట్టి నా వాటాలో వేయించుకున్నాను. కుట్టడం నాకు రాదు. వాడికి దక్కకూడదనే తీసుకున్నాను. ఇన్నేళ్లూ దానితో గులాబీ కొమ్మలు కత్తిరించి పదును పోగొట్టాను. ఈ పని తలుచుకుంటే సిగ్గుగా ఉంది. దీన్ని వీలునామాలో రాయను. నేను బతికుండగానే వాడి చేతిలో పెడతాను, వాడు వస్తే.

ఏడు. వాడు ఎలా వస్తాడన్న ప్రశ్నకు నా వృత్తే దారి చూపింది. వీలునామాలో ఏదైనా పుచ్చుకునేవాడు దానికి సాక్షిగా ఉండకూడదు, ఉంటే పేచీ వస్తుంది. ఇది నేను అందరికీ చెప్పిన మొదటి జాగ్రత్త. మా అమ్మాయి పనికిరాదు. వ్యాయామం అమ్మాయి పనికిరాదు. రేడియో మామకు ఏమీ ఇవ్వలేదు కనుక ఆయన నిక్షేపంలాంటి సాక్షి. రెండో సాక్షి కావాలి. నేను ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగలని మనిషి మా చిన్నోడు ఒక్కడే. నేను ప్రాణంగా చూసుకున్నది మొదటి నుంచీ వాడిదే.

సాక్షి అన్నవాడు నేను సంతకం పెడుతుండగా కళ్లారా చూడాలి. అంటే గోడ చుట్టూ తిరిగి, వీధి గదిలోకి వచ్చి, నా పక్కన నిలబడాలి. ఇది చట్టం, నేను పెట్టిన షరతు కాదు. ఒరేయ్, రాసేవాణ్ని నేనే, నాకేం కావాలో రాసుకున్నాను. వచ్చి సంతకం పెట్టు. ముందు ఇదంతా చదువు. ఈసారి కాగితం నీ వైపు తిప్పి పెట్టి, నేను రాయకుండా కూర్చుంటాను.

కొట్టివేతలు, దిద్దుబాట్లు: నాలుగో అంశం మొదటి వాక్యం కొట్టివేయడమైనది. ఏడో అంశంలో “సదరు తమ్ముడు” అన్నది కొట్టి “మా చిన్నోడు” అని దిద్దడమైనది. రెండూ నా చేతివే.

తేదీ: 09-03-2025, ఆదివారం, ఉదయం.

(సంతకం) లేఖరి. వణికింది, అయినా నాదే.

సాక్షులు:

1. (సంతకం) రేడియో మామ, పక్కిల్లు. నా ఎదుటే సంతకం పెట్టారు. టమాటాల సంగతి నేను ఒప్పుకోను.

2. (సంతకం) చిన్నోడు, దర్జీ, వెనక వాటా. నా ఎదుటే సంతకం పెట్టాడు. మొత్తం చదివా. దిక్కులు తప్పు రాశావని ఆ రోజే చూశా అన్నయ్యా. కోపం తగ్గాక చెబుదామనుకున్నా. ఈలోపు వదిన మొదటి కుండీ తెచ్చి పెట్టేసింది, ఇంకేం చెప్తాను? మల్లె పసుపెక్కేది నీళ్లు ఎక్కువై. పొద్దున నువ్వు పోస్తున్నావు, సాయంత్రం నేను పోస్తున్నా. ఇకనుంచి నువ్వే పొయ్యి. నేను సాయంత్రం ఊరికే వచ్చి కూర్చుంటా.